ఆరని గీత

నాకు భయం ఎక్కువ. ఎవరో అన్న మాట కాదిది, నేనే ఒప్పుకుంటున్నాను. కుక్కర్ విజిల్ వేయబోతోందంటే వంటింట్లోంచి బయటికి వచ్చేస్తాను. ఉరిమితే చాలు, టీవీ, ఫ్రిజ్, మిక్సీ, అన్నిటి ప్లగ్గులూ పీకేసి మంచం మధ్యలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంటాను. సాగర్ వెళ్ళే ఘాట్ రోడ్డు బస్సులో, లోయ కనపడుతుందని, కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వెళ్తాను. నా మొగుడు నాకు మేనబావ, చిన్నప్పటి నుంచి నన్ను ఎరిగినవాడు. "ఇంట్లో బల్లి దూరిందంటే ఇది ఊరు ఖాళీ చేసుద్ది," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వుతాడు. నవ్వనీ. భయపడే మనిషికి సిగ్గు కూడా ఉంటే బతకడం కష్టం కాబట్టి, సిగ్గుని ఎప్పుడో వదిలేశాను.

ఇంతటి భయస్తురాలిని పోయి పోయి క్వారీలో పనిచేసే మనిషికి కట్టబెట్టారు. మాచర్ల అవతల, మా ఊరికి దగ్గర్లోనే ఉంది ఆ నాపరాళ్ళ క్వారీ. నేలలోకి మెట్లు మెట్లుగా దిగిపోయిన పెద్ద గొయ్యి. మా బావ అందులోకి దిగి సుత్తి, పలుగు పట్టుకుని రాతి పొరలు విడదీసే పని చేస్తాడు. పొద్దున బండి తీసుకుని వెళ్ళాడంటే, సాయంత్రం ఆ బండి చప్పుడు మా వీధి మలుపులో వినపడేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండదు. అలాగని ఏడుస్తూ కూర్చునే రకాన్ని కాను. చేతికి పని ఉంటే భయం కాస్త వెనక్కి తగ్గుతుంది. ఆ పని మగ్గం వర్క్.

చెక్క ఫ్రేముకి జాకెట్ గుడ్డ బిగించి సూదితో జరీ, పూసలు, కుందన్లు కుట్టే పని అది. కుట్టడం కంటే ముందు డిజైన్ గీయడమే నాకు ఇష్టం. పెళ్ళికూతుళ్ళు వచ్చి ఫోన్లో ఫోటో చూపించి, "అక్కా, అచ్చం ఇట్టాగే కావాలి," అంటారు. చూడబోతే అవే నెమళ్ళు, అవే ఏనుగులు, అవే తామరపూలు. కుట్టి కుట్టి నాకు విసుగు పుట్టేది. అందుకే దుర్గి వైపు పని పడినప్పుడల్లా శిల్పాలు చెక్కే చోట ఆగేదాన్ని. అందరూ దేవుడి ముఖం చూస్తుంటే నేను ఆ వెనక తోరణంలో పాకే లతల్ని చూసేదాన్ని. లత ఎక్కడ వంగింది, ఎక్కడ రెండుగా చీలింది, చివరికి ఏ మొగ్గలో ఆగింది, అదే చూపు. ఇంటికొచ్చాక గుర్తున్నంత మేరకు గీసుకుని జాకెట్ చేతుల మీద పెట్టేదాన్ని.

మా పెళ్ళయిన కొత్తలో ఒక సాయంత్రం బావ ఒక రాతి ముక్క తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "చూడు, నీకు పనికొచ్చుద్దేమో," అన్నాడు. బూడిద రంగు పలక మీద నల్లగా, సన్నగా, చిన్న చిన్న చెట్లు. రెమ్మ రెమ్మా విడివిడిగా కనపడుతోంది. ఎవరైనా గీశారేమోనని గోటితో గీకి చూశాను, పోలేదు. తర్వాత మా ఊరి స్కూలు సారొకాయన చెప్పారు. అవి చెట్లు కావట. ఎప్పటివో నీళ్ళు రాతి సందుల్లోకి దిగి, అందులోని నల్లటి ఖనిజాన్ని అలా పరిచి పోయాయట. ఆ మాట విన్న రోజు నాకు ఒళ్ళు జలదరించింది. చీకట్లో, రాతి లోపల, చూసే కన్ను ఒక్కటి లేని చోట ఇంత ఓపిగ్గా బొమ్మ వేయడమేమిటి అనిపించింది. నా సంగతి అంతే, అందమైనదేది చూసినా ముందు కాస్త భయపడతాను.

అప్పటి నుంచి అలాంటి ముక్క దొరికితే బావ పక్కన పెట్టి ఇంటికి తెచ్చేవాడు. మా వసారా గోడ పొడుగునా అవే ఆనించి ఉంటాయి. పెళ్ళి జాకెట్ మీద నలుపు వేయకూడదు కాబట్టి, ముదురు ఎరుపు పట్టు మీద పాత బంగారం రంగు జరీతో ఆ చెట్లు కుట్టాను. ఆ జాకెట్ చూసి రెంటచింతల నుంచి కూడా నన్ను వెతుక్కుంటూ వచ్చారు. నాకంటూ ఒక పనితనం ఉందని నాకే అప్పుడు తెలిసింది.

రాళ్ళ పనిలో ఒక పద్ధతి ఉంది. పలకని లారీకెక్కించే ముందు దాని మీద చెంబెడు నీళ్ళు పోసి ఆరనిస్తారు. మంచి పలకైతే అంతా ఒక్క తీరున ఆరి తెల్లబడుతుంది. లోపల పగులుంటే, చుట్టూ ఆరిపోయినా అక్కడ మాత్రం తడి నిలిచి నల్లటి గీత తేలుతుంది. ఉత్తప్పుడు కంటికి ఆనని పగులు కూడా అలా బయటపడుతుంది. మా వసారాలో బండలు పరిచేటప్పుడు బావ ఒక్కో బండ మీద నీళ్ళు పోసి, టీ తాగుతూ తీరిగ్గా కూర్చుని చూశాడు. నేను తొందరపెడితే, "ఆరేదాకా ఆగాలే. ఆగనోడికి రాయి ఏమీ చెప్పదు," అన్నాడు.

ఈ మధ్య, మిరపకాయలు కోతకొచ్చిన రోజుల్లో, బావ ఇంటికొస్తూనే కాళ్ళు కూడా కడుక్కోకుండా చెప్పాడు. క్వారీలో ఒక నిలువు బండ ఊడి వచ్చిందట. దాని వెనక గోడ మీద చెట్టు బొమ్మ ఉందట, మనిషిన్నర ఎత్తు. "ఇంటికి తెచ్చేది కాదు. రేపో ఎల్లుండో పొరలు లేపితే పోద్ది. చూడాలంటే నువ్వే రావాల," అన్నాడు. క్వారీలోకి నేను ఎన్నడూ దిగలేదు. గట్టు మీద నుంచి తొంగి చూస్తేనే కళ్ళు తిరిగేవి. కానీ మనిషిన్నర ఎత్తు చెట్టు అన్నాడు. మర్నాడు అన్నం క్యారేజీ పట్టుకుని నేనే వెళ్ళాను.

బావ చెయ్యి పట్టుకుని, గోడకి ఒరుసుకుంటూ, కిందికి చూడకుండా దిగాను. దిగి తలెత్తి చూశాక భయం ఎటుపోయిందో తెలియదు. గోడ నిండా చెట్టు. దుమ్ము కప్పినా కొమ్మలు తెలుస్తున్నాయి. బావతో పాటు పనిచేసేవాళ్ళకి ఒక మేస్త్రి ఉన్నాడు, పెద్దాయన, నాకు వరసకి బాబాయ్. "ఇట్టా ఏం కనపడుద్ది అమ్మాయ్, ఉండు," అని డ్రమ్ములోంచి బకెట్ నింపి గోడ మీదికి విసిరాడు. ఇంకో ఇద్దరు కూడా విసిరారు. దుమ్ము కారిపోయి చెట్టు మొత్తం ఒక్కసారిగా తేలింది. వంద రెమ్మలు, వాటికి మళ్ళీ రెమ్మలు, చివర్లలో పొగ పట్టినట్టు గుబుర్లు. నడుమ నిటారుగా ఒక మాను.

"ఇన్నేళ్ళలో చానా చూశా గానీ, మాను ఉన్న చెట్టు చూళ్ళా," అన్నాడు బావ. అతని ముఖంలో ఆ గోడని తనే కట్టినంత గర్వం. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎంత ఎత్తుందో తెలియాలి కదా, వెళ్ళి దాని కింద నిలబడమన్నాను. నిలబడ్డాడు. ఇంకా వెనక్కి ఆనుకోమన్నాను. ఆనుకున్నాడు. అన్నాల వేళ కావడంతో మిగతావాళ్ళు వెళ్ళి తిరపాల్ పట్టా కట్టిన నీడలో కూర్చున్నారు. నేను ఫోటోలు తీస్తూనే ఉన్నాను. "ఆకలేస్తందే," అని బావ మొత్తుకున్నా వదల్లేదు. ఎండకి గోడ ఆరిపోతోంది, ఆ లోపలే అన్నీ తీసుకోవాలని నా తొందర.

మర్నాడు పొద్దున బావ పనికి వెళ్ళాక, ఇంటి పని ముగించుకుని వసారాలో ట్రేసింగ్ పేపర్ పరుచుకుని కూర్చున్నాను. ఒక పెళ్ళికూతురికి వీపు నిండా ఆ చెట్టు పెడదామని ముందే అనుకున్నాను. ఏ ఫోటో చూసి గీయాలా అని వేలితో ఒక్కోటీ జరుపుతున్నాను. మొదటి ఫోటోలో గోడ తడిగా, చెట్టు నల్లగా ఉంది. తర్వాతి దాంట్లో పైన కొంచెం తెల్లబడింది. ఆ తర్వాతి దాంట్లో కొమ్మలు పలచబడ్డాయి. అలా జరుపుతుంటే చెట్టు నా కళ్ళ ముందే ఆరిపోతోంది. రెమ్మలన్నీ బూడిద రంగుకి తిరిగాయి. మాను మాత్రం తిరగలేదు.

మళ్ళీ మొదటికి వెళ్ళి చూశాను. మళ్ళీ చివరికి వచ్చాను. ఆఖరి ఫోటోలో గోడంతా పొడిగా ఉంది. మాను సన్నబడి, మరింత నల్లబడి, గీతలా నిలబడింది. అది చెట్టు వేళ్ళ దగ్గర ఆగలేదు. కింద బావ భుజం వెనక నుంచి పక్కకి తిరిగి, అతని తల దాటి, అటు వైపు నుంచి మళ్ళీ పైకి పోయింది. ఆ గీత నడుమన మా బావ నవ్వుతూ నిలబడి ఉన్నాడు. తల తిప్పి వసారా గోడకి ఆనించిన రాళ్ళన్నీ చూశాను. అన్నీ పొదలే. ఒక్కదానికీ మాను లేదు.

పొద్దస్తమానం రాళ్ళ మీద నీళ్ళు పోసి పగుళ్ళు వెతికే మనుషులు వాళ్ళు. నిన్న మాత్రం బొమ్మ చూడటానికి పోశారు. బొమ్మ చూసి, బాగుందనుకుని, ఆరేదాకా ఆగకుండా అన్నానికి వెళ్ళిపోయారు.

బావకి ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. గోతిలో సిగ్నల్ ఉండదని ఫోన్లన్నీ పైన బండ్ల దగ్గర పెట్టి దిగుతారని నాకు తెలుసు. తెలిసీ మళ్ళీ చేశాను. ఇంకెవరికి చేయాలో తోచలేదు. తలుపు దగ్గరికేశానో లేదో కూడా గుర్తులేదు, రోడ్డు మీదికి పరిగెత్తాను. తెలిసిన ఆటో అబ్బాయి కనపడితే ఎక్కేసి, "తమ్ముడూ, క్వారీకి, తొందరగా పోనీ," అన్నాను. నా గొంతు విని అతను వెంటనే ఆటో తిప్పాడు.

దారికి రెండు పక్కలా మిరప కల్లాలు. నేల కనపడకుండా ఎర్రగా పరిచి ఉన్నాయి. అటు గుట్ట మీద మోదుగలు విరగబూసి ఉన్నాయి. ఈ ఎరుపు మీద ఆ కాషాయం పెట్టి కుడితే ఎలా ఉంటుందోనని మనసు ఒక క్షణం అటు పోయింది. నా కళ్ళ మీద నాకే కోపం వచ్చింది. మొగుడు బతికున్నాడో లేదో తెలియని దారిలో రంగులు ఏరుకునే కళ్ళు ఏం కళ్ళు అనుకుని, గట్టిగా మూసుకున్నాను. మూస్తే ఆ గీత కనపడింది. మళ్ళీ తెరిచాను.

గట్టు మీదికి వెళ్ళి చూస్తే బావ సరిగ్గా ఆ గీత కిందే ఉన్నాడు. సుత్తితో కొడుతున్నాడు. కొట్టిన ప్రతిసారీ చప్పుడు నా గుండెలో పడుతోంది. కేకేసినా ఆ చప్పుళ్ళలో వినపడదు. దిగాను. ముందు రోజు బావ చెయ్యి పట్టుకుంటే గానీ దిగని దాన్ని, ఎలా దిగానో నాకే తెలియదు. మధ్యలో కాలు జారి మోకాలు చీరుకుపోయింది. వెళ్ళి బావ మణికట్టు పట్టుకున్నాను.

"ఏందే, ఏమయింది? ఇంటికాడ ఎవురికన్నా..." బావ ముఖం పాలిపోయింది.

"ఎవరికీ ఏం కాలా. ముందు నువ్వు ఇవతలకి రా."

"ఏమయిందో చెప్పవే."

"రా బావా, నీకు దణ్ణం పెడతా."

గోడకి దూరంగా, ఎండలోకి లాక్కొచ్చాక ఫోన్ చూపించాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "మీ ఆవిడ నీ ఫోటో చూసి కూడా దడుచుకుందంట," అన్నాడొకడు. బావ కూడా నవ్వబోయాడు. మేస్త్రి నవ్వలేదు. ఫోన్ అందుకుని, నేను జరిపినట్టే ఒక్కో ఫోటో జరిపాడు. చివరి ఫోటో దగ్గర చాలాసేపు ఆగాడు. తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టి, బకెట్ నింపి, గోడకి వీలైనంత దూరం నుంచి విసిరాడు. "ఎవురూ దగ్గరికి పోమాకండి. ఆరనీండి," అన్నాడు.

గోడకి దూరంగా వరసగా నిలబడ్డాం. ఎండ నెత్తి మాడుస్తోంది. గోడ ఆరడం మొదలుపెట్టింది. పై కొమ్మలు పోయాయి, తర్వాత పక్క కొమ్మలు, తర్వాత గుబుర్లు. అంత అందంగా ఒక చెట్టు ఆరిపోవడం చూస్తూ, ఆ మాను కూడా ఆరితే బాగుండు, నేను పిచ్చిదాన్నయితే బాగుండు, వీళ్ళందరూ నెల్లాళ్ళ పాటు నన్ను చూసి నవ్వితే బాగుండు అని మొక్కుకున్నాను. గోడంతా తెల్లబడింది. గీత ఉంది. ఫోటోలో లాగే పక్కకి తిరిగి, పైకి పోయి ఉంది. నా పక్కనున్న బావ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అందరూ పైకెక్కండి," అన్నాడు మేస్త్రి. "పలుగులు ఆడనే వదిలెయ్యండి. నిన్న నీళ్ళు జల్లింది నేనే, చూడకుండా పోయింది కూడా నేనే."

మధ్యాహ్నం పొక్లెయిన్ తెప్పించారు. అటు గట్టు మీద నిలబెట్టి, దాని చెయ్యి చాపి పైనుంచి కొద్దిగా తట్టారు. ఎక్కువ తట్టలేదు. దాని కోసమే కాచుకుని ఉన్నట్టు గోడ ముందుకి వంగింది. చప్పుడు ముందు వచ్చిందో, దుమ్ము ముందు వచ్చిందో చెప్పలేను. ఎవరమూ అనుకున్నంత చిన్న బండ కాదది. దుమ్ము అణిగాక చూస్తే, వాళ్ళు రోజూ అన్నం తినే తిరపాల్ నీడ దాకా రాళ్ళు దొర్లి ఉన్నాయి. నీళ్ళ డ్రమ్ము నలిగి చదునైపోయింది. చెట్టు ఎక్కడా లేదు. ముక్కల్లో ఒకటీ అరా రెమ్మ కనపడిందేమో, అది కూడా నా భ్రమే కావచ్చు.

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. బావ పక్కన కూర్చుని, "ఈడనే ఉన్నా కదే, ఏడవమాక," అన్నాడు. అతనున్నాడనే ఏడ్చాను. చెట్టు పోయిందని కూడా ఏడ్చాను. ఆ రెండోది అతనికి చెప్పలేదు.

అంతటితో భయం తీరిపోతుందనుకున్నాను. తీరలేదు, చేతులు మారింది. మర్నాడు బావ ఒళ్ళు బాగలేదని పనికి వెళ్ళలేదు. ఆ తర్వాతి రోజు కూడా అంతే. అన్నం పెడితే తింటున్నాడు, పిలిస్తే పలుకుతున్నాడు, నన్ను వెక్కిరించడం మాత్రం మానేశాడు. మంచం మీద పడుకుని ఇంటి కప్పుని చూస్తున్నాడు. కప్పు మీద ఒక చిన్న చీలిక ఉంది, సున్నం రాలిన చోట. ఆ చీలికనే చూస్తున్నాడని నాకు తెలుసు.

ఇన్నేళ్ళుగా నేను కోరుకున్నది అదే కదా. ఈ మనిషికి కాస్త భయముంటే బాగుండు, జాగ్రత్తగా ఉంటాడు అని దేవుడికి చెప్పుకున్నాను. తీరా అతను భయపడుతుంటే నేను చూడలేకపోయాను. నాకు భయం చిన్నప్పటి నుంచి ఉంది, దాంతో ఎలా మెలగాలో తెలుసు. అతనికి ఏమీ తెలియదు. చన్నీళ్ళలో పడ్డవాడిలా ఊపిరి బిగబట్టి ఉన్నాడు.

మూడో రోజు పొద్దున క్వారీకి తయారయ్యాడు. ఆ పని తప్ప అతనికి వేరే పని రాదు. బండి స్టార్ట్ చేశాడు. ఆపాడు. లోపలికి వచ్చి మంచినీళ్ళు తాగాడు. మళ్ళీ వెళ్ళి స్టార్ట్ చేసి మళ్ళీ ఆపాడు. "కాసేపాగి పోతాలే," అన్నాడు నన్ను చూడకుండా. నేను స్టవ్ ఆపి, ట్రేసింగ్ పేపర్, అట్ట, పెన్సిలు సంచిలో పెట్టుకుని వచ్చి బండి వెనక కూర్చున్నాను.

"ఎక్కడికే?"

"నేను కూడా వస్తా, పద."

వద్దనలేదు. వెక్కిరించలేదు. బండి తీశాడు.

అప్పటి నుంచి రోజూ వెళ్తున్నాను. గట్టు మీద ఒక తుమ్మచెట్టు ఉంది, ఆ నీడలో నా చోటు. ఇప్పుడు పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు, ఆ రోజు కొట్టబోయే గోడ మీద నీళ్ళు చల్లి పైకి వచ్చేస్తున్నారు. అది ఆరేదాకా చూడటం నా వంతు. తడి గోడ మీద ఎన్ని బొమ్మలో. ఒకసారి వరసగా రెల్లు దుబ్బులు, ఒకసారి పక్షి రెక్క లాంటిది. చూస్తుంటే చెయ్యి గీయడానికి లాగుతుంది, కళ్ళు మాత్రం ఆరని గీత కోసమే వెతుకుతాయి. అంతా తెల్లబడ్డాక చెయ్యి ఊపుతాను, అప్పుడు వాళ్ళు దిగుతారు. ఆ పెళ్ళికూతురికి చివరికి రెల్లు దుబ్బులే కుట్టాను.

మధ్య మధ్యలో కింద సుత్తి చప్పుడు ఆగిపోతుంది. "ఏమే, ఉన్నావా?" అని బావ కేకేస్తాడు. పక్కనున్నవాళ్ళు వింటారని కూడా చూసుకోడు. "ఉన్నా బావా," అంటాను. మళ్ళీ ఆ చప్పుడు మొదలయ్యేదాకా పెన్సిల్ కాగితం మీద పెట్టను.